చిమ్మటల స్టాంపులకు విడిగా ఒక ఫ్రేమ్ పెట్టొచ్చా? మీ దగ్గర ఏమున్నాయో చెప్పండి

రాత్రిరెక్కలు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఆక్లాండ్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు పంపిన కవరు ఈ వారమే చేతికందింది. అందులో న్యూజిలాండ్ 1970 డెఫినిటివ్ (రోజువారీ వాడుక) సిరీస్‌లోని మూడు చిమ్మట (మాత్) స్టాంపులున్నాయి. 2½ సెంట్లది మాగ్‌పై చిమ్మట, 3 సెంట్లది లైకెన్ చిమ్మట, 4 సెంట్లది పురిరి చిమ్మట. మూడూ మింట్, అంటే వాడనివి. వెనక జిగురు కూడా చెక్కుచెదరలేదు.

అదే సిరీస్‌లో ½, 1, 2 సెంట్ల స్టాంపుల మీద సీతాకోకచిలుకలుంటాయి. అవి నా ఆల్బమ్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు ఆరూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బాగా నచ్చింది. రోజూ ఉత్తరాలకు అంటించే స్టాంపుల్లో మూడు సీతాకోకచిలుకలకిచ్చి, మూడు చిమ్మటలకిచ్చారు. చిన్నచూపు చూడలేదు.

ఇక పురిరి చిమ్మట. న్యూజిలాండ్‌లో అన్నిటికంటే పెద్ద చిమ్మట ఇదే. రెక్కలు చాపితే 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఉత్తర దీవిలో తప్ప దొరకదు. దీని గొంగళిపురుగు చెట్టు మానులో సొరంగం తొలుచుకుని ఏళ్ల తరబడి అందులోనే ఉంటుంది. బయటికొచ్చి రెక్కలు విప్పాక బతికేది ఒకటి రెండు రోజులే. తినడానికి నోరు కూడా ఉండదు.

నా దగ్గరున్న చిమ్మటలన్నీ ఇప్పటిదాకా సీతాకోకచిలుకల ఆల్బమ్‌లో చివరి పేజీల్లో సర్దాను. ఇక వాటిని బయటికి తీసి, స్టాంపుల ప్రదర్శనలో పెట్టేలా 16 షీట్ల ఒక్క ఫ్రేమ్ కట్టాలనుంది. కేవలం చిమ్మటలతో ఫ్రేమ్ నిలబడుతుందా? పెద్దలు చెప్పండి.

పాతతపాలా (విజయవాడ)

నిలబడుతుంది. అసలు మీరు చివరి పేజీలో పెట్టినవి మొదటి పేజీలో ఉండాలి బాబూ.

స్టాంపు మీద సీతాకోకచిలుక ప్రధాన బొమ్మగా వచ్చింది 1950 జనవరిలో. బోర్నియో దీవిలోని సారవాక్ 1 సెంట్ స్టాంపు మీద, అక్కడి పాలకుడు రాజా బ్రూక్ పేరుతో పిలిచే ట్రోయిడెస్ బ్రూకియానా. అంతకు ముందు హవాయి రాణి లిలియుఓకలాని స్టాంపులో ఆమె తలలో సీతాకోకచిలుక ఆకారపు నగ కనిపిస్తుంది కానీ, అది నగే.

చిమ్మట 1930లోనే వచ్చేసింది. బేరూత్‌లో పట్టు మహాసభ జరిగినప్పుడు లెబనాన్ ఆరు స్టాంపుల సెట్ వేసింది. పట్టుపురుగు, పట్టుకాయ, రెక్కలొచ్చిన తల్లిపురుగు, మూడూ ఒకే బొమ్మలో ఉంటాయి. అప్పుడు లెబనాన్ ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది. అక్కడి కొండ ఊళ్లలో మల్బరీ తోటలు, ఫ్రాన్స్‌లోని లియోన్ మిల్లులకు పట్టు ఎగుమతి. ఒక ప్రాంతం బతుకుతెరువే స్టాంపు ఎక్కిందన్నమాట. అంటే సీతాకోకచిలుకకంటే చిమ్మట 20 ఏళ్లు ముందుంది.

సెట్ మొత్తం కొనాలంటే ఖర్చవుతుంది. ఒక్క తక్కువ విలువ స్టాంపు, యూజ్డ్‌ది దొరికినా చాలు, మీ ఫ్రేమ్ దానితో మొదలుపెట్టండి. నా దగ్గర ఒకటుంది. ఒక మూల చిల్లు అంచు కాస్త పొట్టిగా ఉంటుంది. అయినా నాకు నా స్టాక్‌బుక్ మొత్తంలో ప్రాణం దాని మీదే.

సీతాకోక_ఫ్రేమ్ (రాజమహేంద్రవరం)

నేను ఒప్పుకోను. రెండూ లెపిడోప్టెరా క్రమానికి చెందినవే. పొలుసుల రెక్కల కుటుంబాన్ని రెండు ముక్కలు చేస్తే రెండువైపులా బలం తగ్గుతుంది. పాతికేళ్లుగా సీతాకోకచిలుకలే సేకరిస్తున్నాను, చిమ్మటలకు అందులోనే సముచిత స్థానం ఇచ్చాను. స్విట్జర్లాండ్ 1950 ప్రో యువెంట్యూట్ (పిల్లల సహాయనిధి) సెట్‌నే తీసుకోండి. రెడ్ అడ్మిరల్ సీతాకోకచిలుక, నీలిపట్టీ చిమ్మట, తేనెటీగ అన్నీ ఒకే సెట్‌లో వచ్చాయి. ఆ సెట్‌ని విడగొట్టి ఒక స్టాంపు మీరు, ఒకటి నేను పంచుకుందామా?

ఇంకో ప్రశ్న. మడగాస్కర్ 1960 సిరీస్‌లో సూర్యాస్తమయ చిమ్మట ఉంది. పగలే ఎగురుతుంది, తోకలుంటాయి, రంగులు ఇంద్రధనుస్సును మించి ఉంటాయి. 1773లో దానికి పేరు పెట్టిన ఇంగ్లండ్ కీటక సేకర్త డ్రూరీ కూడా సీతాకోకచిలుక అనుకుని పాపిలియో అనే రాశాడు. దాన్ని ఎక్కడ పెడతారు?

రాత్రిరెక్కలు

సెట్‌ని విడగొట్టను సార్. థీమాటిక్‌లో, అంటే ఒక అంశం మీద కట్టే సేకరణలో, సెట్ మొత్తం చూపించాలన్న నియమం లేదు కదా, కథకు ఏది కావాలో అదే పెడతాం. సూర్యాస్తమయ చిమ్మట మాత్రం నాకు తప్పకుండా కావాలి. అది వదులుకోలేను.

పురుగులబడి (తిరుపతి)

నేను కీటకశాస్త్రం చదువుతున్నాను, స్టాంపులు మా తాతగారి నుంచి వచ్చాయి. సీతాకోక_ఫ్రేమ్ గారి ప్రశ్నకు జవాబు స్టాంపులోనే ఉంది. రెక్కల రంగు చూడకండి, మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం చివర చిన్న గుండీలా ఉబ్బి ఉంటుంది. చిమ్మటకు ఆ గుండీ ఉండదు. సన్నటి దారంలా గానీ, ఈకలా గానీ ఉంటుంది. మగ చిమ్మటల్లో ఈకలు మరీ గుబురుగా ఉంటాయి, ఎందుకంటే చీకట్లో ఆడదాని వాసన పట్టుకోవాల్సింది వాటితోనే. మడగాస్కర్ స్టాంపును భూతద్దం కింద పెట్టి చూడండి. చిత్రకారుడు జాగ్రత్తగా వేసి ఉంటే మీసం చివర ఉబ్బు కనపడదు.

పగలు ఎగరడం, రాత్రి ఎగరడం అనేది గుర్తుగా పనికిరాదు. రాత్రిరెక్కలు గారికి వచ్చిన న్యూజిలాండ్ మాగ్‌పై చిమ్మట కూడా పట్టపగలు తిరిగేదే. నల్ల రెక్కల మీద తెల్లటి మచ్చలతో పక్షులకు ‘నన్ను ముట్టుకోవద్దు’ అని చెప్తుంది.

సూర్యాస్తమయ చిమ్మట రంగుల గురించి ఒక మాట. ఆ మెరుపు రంగు పదార్థంది కాదు. పొలుసుల్లోని పలుచని పొరల నుంచి తిరిగొచ్చే వెలుతురు అలలు ఒకదానితో ఒకటి కలిసి ఆ రంగులుగా కనిపిస్తాయి. అందుకే రెక్క కోణం మారితే ఆకుపచ్చ కాస్తా రాగి రంగులోకి పోతుంది. 1960 నాటి సిరాతో ఆ మార్పు చూపించడం ఎలా కుదురుతుంది? కుదరలేదు. అయినా ఆ ముద్రణలో నలుపు పక్కన ఆకుపచ్చను పెట్టిన తీరు నాకు చాలా ఇష్టం.

సీతాకోక_ఫ్రేమ్

మీసాల విషయం బాగా చెప్పావమ్మా. నా స్టాంపుల్లో ఇప్పుడే చూశాను, ఉబ్బు లేదు. ఫ్రేమ్ విడిగా ఉండాలా అన్నదానిపై నా అభిప్రాయం మాత్రం మారలేదు. వర్గీకరణ పేరుతో విడదీయడానికి గట్టి కథ కావాలి. ‘ఇవి చిమ్మటలు’ అంటే చాలదు.

లూప్‌చూపు (చెన్నై)

న్యూజిలాండ్ 2½ సెంట్ల మాగ్‌పై చిమ్మట వచ్చిందన్నారు కాబట్టి దాని చెల్లెలి సంగతి చెప్పాలి. 1971లో ఇదే స్టాంపు మీద ‘4సి’ అని సర్‌ఛార్జ్ ముద్రించారు. పాత విలువ మీద నల్ల పట్టీలు కొట్టి, కొత్త విలువ అచ్చేశారు. ఈ సర్‌ఛార్జ్ రెండు పద్ధతుల్లో ఉంది. ఒకటి లెటర్‌ప్రెస్ (ఉబ్బెత్తు అచ్చు), రెండోది ఫొటోగ్రేవ్యూర్ (సన్న గుంటల్లోంచి సిరా దిగే అచ్చు). చాలామంది రెంటినీ ఒకటే అనుకుని పది రూపాయల డబ్బాలో పడేస్తారు.

తేడా పట్టడం కష్టం కాదు. 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) కింద ‘4’ అంకె అంచు చూడండి. లెటర్‌ప్రెస్‌లో ఉబ్బెత్తు అచ్చు కాగితాన్ని నొక్కుతుంది కాబట్టి సిరా అంచుకు జరిగి గట్టులా చేరుతుంది. అంకె మధ్య కంటే అంచు ముదురుగా కనిపిస్తుంది. స్టాంపు తిరగేసి వెలుతురుకు వాల్చి పట్టుకుంటే జిగురు వైపు ఆ నొక్కు ఆనవాలు కూడా ఒక్కోసారి దొరుకుతుంది. గ్రేవ్యూర్‌లో ఆ గట్టు ఉండదు. సిరా అంతటా సమంగా ఉండి, అంచు మాత్రం సన్నటి రంపపు పళ్లలా కనిపిస్తుంది.

4 సెంట్ల పురిరిలో కూడా రంగు పడకుండా తప్పిపోయిన రకాలున్నాయి, అవి ఖరీదు. ఎవరైనా ‘రంగు లేని పురిరి’ అని చవకగా అమ్మజూపితే ఎండలో పెట్టి వెలిసేలా చేసిందేమోనని అనుమానించండి. సర్టిఫికెట్ లేకుండా కొనొద్దు.

రెండు సర్‌ఛార్జ్‌లూ పక్కపక్కన ఒక షీట్ మీద పెడితే మీ ఫ్రేమ్‌కి ఫిలాటెలీ (స్టాంపుల శాస్త్రం) జ్ఞానం మార్కులు అక్కడే వస్తాయి. నా దగ్గర డబుల్స్ ఉన్నాయి, చిరునామా మెసేజ్ చేయండి.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ)

లూనా చిమ్మటను మర్చిపోకండి. 1987లో అమెరికా వాళ్లు ఉత్తర అమెరికా వన్యప్రాణుల మీద 50 స్టాంపుల పేన్ (ఒకే షీట్) వేశారు, ఒక్కోటి 22 సెంట్లు. అందులో లూనా ఉంది. లేత ఆకుపచ్చ రెక్కలు, కింద పొడవాటి తోకలు. ఆ తోకలు అందానికి మాత్రమే కాదు. ఎగిరేటప్పుడు అవి మెలి తిరుగుతుంటే గబ్బిలం విసిరే శబ్దం వాటి దగ్గర చెదిరిపోయి, దాని గురి ఒంటి మీద నుంచి తోక మీదికి తప్పుతుందని పరిశోధకులు చూపించారు. దీనికి దగ్గరి చుట్టం మన దేశంలోనే ఉంది, ఆక్టియాస్ సెలీనే. పెద్దయ్యాక రెంటికీ తిండి ఉండదు, వారం రోజుల బతుకు.

మా ఇంటి వెనక వరండా లైటు దగ్గర లూనా వాలిన రోజున మా అమ్మాయి చేత ఆ స్టాంపు పక్కన పెట్టించి ఫొటో తీయించాను. స్టాంపులో ముందు రెక్క అంచున ఉండే ఊదా గీత కూడా వేశారని తనే కనిపెట్టింది.

ఇంకోటి. జాతీయ చిమ్మటల వారోత్సవం 2012లో మా న్యూజెర్సీలోనే మొదలైంది. ఏటా జూలై ఆఖరి వారంలో జరుగుతుంది. తెల్ల దుప్పటి కట్టి దీపం పెట్టి, వాలిన వాటిని లెక్కపెడతారు. ఇండియాలో కూడా చాలాచోట్ల చేస్తున్నారు. మీ ఫ్రేమ్ ప్రదర్శన ఆ వారంలో పెట్టుకుంటే బాగుంటుంది.

బడిగంట (పార్వతీపురం)

టీచర్‌ని. మా స్కూల్లో ఫిలాటెలీ క్లబ్ ఉంది. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా పిల్లలు తపాలా శాఖ ఇచ్చే దీన్‌దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్‌కి రాస్తారు. ఎంపికైతే ఏడాదికి 6,000 రూపాయలు. ప్రాజెక్టుకి ఏ అంశం తీసుకోవాలని అడిగితే అందరూ క్రికెట్, గాంధీజీ అంటారు. చిమ్మటలైతే కొత్తగా ఉంటుంది. కానీ లెబనాన్, మడగాస్కర్ అంటే మా పిల్లలకు అందవు. తక్కువ ఖర్చుతో ఎలా మొదలుపెట్టాలి?

పాతతపాలా

మేడమ్, పిల్లలకు మింట్ అక్కర్లేదు. యూజ్డ్ చాలు, న్యూజిలాండ్ మూడూ యూజ్డ్‌లో అతి చవక. స్విస్ ప్రో యువెంట్యూట్ 1957లో గూస్‌బెర్రీ చిమ్మట, ఎర్రపట్టీ చిమ్మట ఉన్నాయి, అవీ దొరుకుతాయి. పది మంది కలిసి కొని పంచుకోవాలి.

ఒక జాగ్రత్త. ‘100 రకాల సీతాకోకచిలుకలు’ అంటూ అమ్మే ప్యాకెట్లలో సగం 1970ల నాటి గల్ఫ్ ఎమిరేట్ల పేరుతో కుప్పలు తెప్పలుగా అచ్చయినవి. అజ్మాన్, ఉమ్ అల్ ఖైవైన్ వగైరా. చాలావాటికి తపాలా ముఖమే తెలియదు. పిల్లలు బొమ్మలు నేర్చుకోవడానికి పనికొస్తాయి, ప్రాజెక్టులో పెట్టనివ్వకండి. ఈమధ్య వచ్చేవాటిలో దొంగ స్టాంపులు మరీ ఎక్కువ, ఆ దేశం తపాలా శాఖకే తెలియకుండా ఎవరో అచ్చేసినవి. 2002 నుంచి అసలు స్టాంపులకు అంతర్జాతీయ తపాలా సమాఖ్య డబ్ల్యూఎన్ఎస్ నంబరు ఇచ్చే పద్ధతి ఉంది. అన్ని దేశాలూ అందులో లేవు. ఉన్న దేశం స్టాంపైతే మాత్రం ఆ జాబితాలో వెతికి చూశాకే కొనండి.

నల్లరేగడి (ఆదిలాబాద్)

నేను పత్తి రైతుని, స్టాంపులు కూడా సేకరిస్తాను. చిమ్మటంటే మా ఇంట్లో మంచి పేరు లేదు. గులాబీ రంగు పురుగు కాయలోకి దూరితే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. దాని తల్లిపురుగు చిమ్మటే కదా. చేలో లింగాకర్షక బుట్టలు కడతాం, అందులో పడ్డ మగ పురుగుల లెక్కను బట్టి మందు ఎప్పుడు కొట్టాలో చూసుకుంటాం. మీ ఫ్రేమ్‌లో అందాలే ఉంటాయా, ఈ సంగతి కూడా ఉంటుందా? ఉండాలని నా కోరిక. మా లాంటివాళ్లు ఫ్రేమ్ ముందు నిలబడితే మా చేను కూడా అందులో కనపడాలి.

రాత్రిరెక్కలు

అన్నా, తప్పకుండా ఉంటుంది. ‘పొలంలో’ అని ఒక షీట్ పెడతాను. ఏ స్టాంపు సరిపోతుందో వెతకాలి.

సీతాకోక_ఫ్రేమ్ గారు గట్టి కథ కావాలన్నారు కదా. నాకు కనిపించే కథ ఇది. సీతాకోకచిలుకను మనుషులు చూసి మురిసిపోయారు. చిమ్మటతో కలిసి బతికారు, దాన్ని పెంచారు, దానితో పోట్లాడారు, దాని దారంతో బట్ట నేశారు. అందుకే సీతాకోకచిలుకల ఫ్రేమ్‌లో రెక్కలు తప్ప ఇంకేమీ చూపించక్కర్లేదు. చిమ్మటల ఫ్రేమ్‌లో మనుషులు కూడా రావాలి.

పాతతపాలా

అలాగైతే పాశ్చర్‌ని తెచ్చుకోండి. 1865 నుంచి కొన్నేళ్లు ఆయన ఫ్రాన్స్ దక్షిణాన అలెస్ దగ్గర పట్టుపురుగుల పెబ్రిన్ తెగులు మీద పనిచేశాడు. గుడ్లు పెట్టిన తల్లిపురుగును నూరి మైక్రోస్కోప్ కింద చూడడం, తెగులు బీజాలు కనపడితే ఆ గుడ్లు తగలబెట్టడం, ఇదీ ఆయన చెప్పిన మార్గం. 1923 నుంచి ఫ్రాన్స్ వేసిన పాశ్చర్ డెఫినిటివ్‌లు రూపాయిల్లో దొరుకుతాయి, పిల్లలకూ అందుతాయి.

డార్విన్ కూడా వస్తాడు. మడగాస్కర్ నుంచి వచ్చిన తెల్లటి ఆర్కిడ్‌కి అడుగు పొడవున్న తేనె గొట్టం చూసి, అంత పొడవు నాలుకున్న చిమ్మట ఒకటి ఉండి తీరాలని 1862లో రాశాడు. ఆ చిమ్మటకు 1903లో పేరు పెట్టారు. ఆ ఆర్కిడ్ స్టాంపు, డార్విన్ స్టాంపు పక్కపక్కన పెడితే ఒక షీట్ నిండుతుంది.

సీతాకోక_ఫ్రేమ్

పాశ్చర్‌తో నన్ను కదిలించారు. నా సీతాకోకచిలుకల్లో ఆయనకు చోటే లేదు. సరే, స్విస్ 1950 నీలిపట్టీ చిమ్మట నా దగ్గర రెండున్నాయి, ఒకటి మీకు పంపుతాను. సెట్ విడిపోయిందని బాధ మాత్రం ఉంటుంది.

మద్దిచెట్టు (చెన్నూరు, మంచిర్యాల)

ఆలస్యంగా చూశాను. మనుషులు కావాలన్నారు కదా, మా దగ్గరికి రండి.

మా చెన్నూరు, అటు మహదేవ్‌పూర్ దసలి పట్టుకు పేరు. దసలి పురుగును ఇంట్లో పెంచరు. అడవి అంచున మద్దిచెట్ల మీద వదులుతారు. పిట్టలు, చీమలు, కందిరీగలు తినకుండా పొద్దుపొడిచింది మొదలు కాపలా కాయాలి. ఒడిసెల తిప్పుతూ, కేకలేస్తూ చెట్టు చెట్టుకూ తిరుగుతారు. పురుగు కాయ కట్టేటప్పుడు ముందు ఒక తొడిమ అల్లుతుంది. ఆ తొడిమ చివర ఉంగరంలా కొమ్మ చుట్టూ చుట్టుకుని బిగిసిపోతుంది, గాలివానకు కూడా కాయ ఊడదు. చేత్తో లాగితే రాదు, కత్తిరించాల్సిందే. కాయ కోడిగుడ్డు ఆకారంలో, బూడిద పసుపు రంగులో, చెక్కలా గట్టిగా ఉంటుంది.

అందులోంచి వచ్చే తల్లిపురుగును ఒక్కసారి చూస్తే మర్చిపోరు. ఆడది పెద్దది, పసుపో బూడిదో కలిసిన రంగు. మగది చిన్నది, ఇటుక ఎరుపు, మీసాలు గుబురు. నాలుగు రెక్కల మీదా ఒక్కో కన్ను, ఆ కంటి మధ్యలో పొలుసులుండవు, అద్దంలా ఉంటుంది. రెక్క పైకెత్తి పట్టుకుంటే అందులోంచి వెలుతురు కనపడుతుంది.

1981లో ఇండియా నాలుగు సీతాకోకచిలుకల స్టాంపులు వేసింది. 2008లో అండమాన్ సీతాకోకచిలుకలవి మరో నాలుగు. మల్బరీ, దసలి, ఈరి, మూగా, ఈ నాలుగు రకాల పట్టూ పండే దేశం మనది. ఈ నాలుగు తల్లిపురుగులతో ఒక సెటెనెంట్ (వేర్వేరు బొమ్మల స్టాంపులు ఒకదానికొకటి అంటుకుని ఉండేది) వేస్తే ఎంత బాగుంటుంది! నేను తపాలా శాఖ ‘మై స్టాంప్’ పథకం కింద మా దసలి ఫొటోతో ఒక షీట్ చేయిద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

లూప్‌చూపు

మై స్టాంప్ గుర్తుగా బాగుంటుంది. కానీ మీ ఫొటో స్టాంపు పక్కన వస్తుంది, స్టాంపు బొమ్మ వేరే ఉంటుంది. ఎగ్జిబిట్‌లో జడ్జీలు దాన్ని చిమ్మట స్టాంపుగా లెక్కలోకి తీసుకోరు. అసలు స్టాంపు రావాలంటే ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీకి ప్రతిపాదన వెళ్లాలి. అక్కడ పోటీ చాలా ఎక్కువ, టైమ్ పడుతుంది. ఈలోపు స్పెషల్ కవర్ (ఒక విశేషం మీద తపాలా శాఖ ప్రత్యేక ముద్రతో విడుదల చేసే కవరు) అడగండి. అది మీ తెలంగాణ తపాలా సర్కిల్ స్థాయిలోనే తేలిపోయే పని. 2021లో జీఐ (ఫలానా ప్రాంతానిదని గుర్తింపు పొందిన) ఉత్పత్తుల మీద దేశమంతా ఎన్ని స్పెషల్ కవర్లు వచ్చాయో చూశాం కదా. కవరు మీద దసలి బొమ్మ, స్టాంపు మీద కొట్టే ముద్రలో కూడా చిమ్మట. ఆ ముద్ర తపాలా శాఖది కాబట్టి ఎగ్జిబిట్‌లో దర్జాగా పెట్టుకోవచ్చు.

ఎడిసన్_తెలుగు

జూలై ఆఖరి వారంలో చెన్నూరు పోస్టాఫీసులో విడుదలైతే నాకు పది కవర్లు తీసిపెట్టండి. డబ్బు ఇప్పుడే పంపమన్నా పంపుతాను.

పురుగులబడి

ముద్రకు బొమ్మ నేను గీసిస్తాను. ముద్రలో సన్న గీతలు అలుక్కుపోతాయి కాబట్టి రెక్కల గీతలన్నీ వద్దు. ఆడ చిమ్మట, నాలుగు కళ్లు, కింద తొడిమతో కాయ, అంతే. మగది వేస్తే మీసాల ఈకలు నల్ల మరకైపోతాయి. అడుగున శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా అని తప్పకుండా రాయించండి. రేపు ఎవరైనా థీమాటిక్‌లో పెట్టుకున్నప్పుడు ఏ జాతి అన్న ప్రశ్న రాకూడదు.

మద్దిచెట్టు

చాలా సంతోషం తల్లీ. తొలకరి పడ్డాక మొదటి పంటకు విత్తనం కాయలు పగులుతాయి, అప్పుడు ఆడది, మగది, కాయ మూడింటి ఫొటోలూ తీసి పంపుతాను. తొడిమ కొమ్మకు ఎలా చుట్టుకుందో దగ్గర నుంచి తీస్తాను. అర్జీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇక్కడే పెడతాను, అందరూ చూసి దిద్దండి. పట్టు రైతుల సంఘం లెటర్ కూడా జతచేస్తే బరువుంటుందని నా ఆలోచన.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరైనా అబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరోకి వెళ్లి స్పెషల్ కవర్‌కి ఇప్పుడు ఎంత కట్టాలో, కనీసం ఎన్ని కవర్లు మనం తీసుకోవాలో, ఎన్ని రోజుల ముందు అర్జీ పెట్టాలో కనుక్కుని చెప్పగలరా?

అబిడ్స్_ఆదివారం (హైదరాబాద్)

నేను వెళ్తాను. సోమవారం పొద్దున్న అక్కడే పనుంది. కొత్త స్టాంపులకు డిపాజిట్ అకౌంట్ కూడా రెన్యూ చేయించుకోవాలి. కనుక్కుని సాయంత్రానికి ఇక్కడే రాస్తాను. ముద్ర బొమ్మ ఎంత సైజులో ఇవ్వాలో కూడా అడుగుతాను.